భోజనం గంటలో తీసిన రీడింగు

మార్చి 3, మంగళవారం

ఎవరికీ చెప్పుకోలేని పని ఒకటి చేశాను, అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

మరీ ఘోరమేం కాదు. చెల్లి పెట్టిన ఫిర్యాదు తిరిగి తిరిగి నా టేబుల్ మీదకే వచ్చింది. కేసు కాగితంలో ‘ఫిర్యాదీతో మీకు బంధుత్వం ఉందా’ అని ఒక గడి ఉంటుంది. ‘లేదు’ అని టిక్కు పెట్టాను. పెళ్ళయ్యాక దాని ఇంటిపేరు మారింది కాబట్టి ఎవరికీ తెలిసే దారి లేదు. ‘ఉంది’ అని రాస్తే కేసు ఇంకో ఊరి ఆఫీసుకి వెళ్తుంది. వాళ్ళు తీరిగ్గా మూడు నెలలకొస్తారు. చెల్లి కూతురికి ఇప్పుడు సరిగ్గా మూడు నెలలు.

నగరపాలక ఆఫీసులో శబ్దాల విభాగం అంటే నేనూ, మోత కొలిచే నా మీటరూ, మా పై అధికారీ. అంతే జనం. ఎక్కడ జనరేటరు రొద పెట్టినా, ఎవరి కుక్క మొరిగినా ‘మోత మేడంని పంపండి’ అంటారు. నా ఎదుటే అంటారు. నాకూ అలవాటైపోయింది, ఫోనెత్తితే నేనే ‘మోత మేడంని’ అంటున్నాను.

చెల్లి పడగ్గది గోడకి అవతలే ప్రార్థన గది. పొద్దున్న ఐదున్నరకి మొదలెట్టి గంటసేపు, మళ్ళీ సాయంత్రం ఆరింటికి గంటసేపు. గోడలకి చెవులుంటాయంటారు గానీ మా గోడకి నోరుందక్కా అంటుంది చెల్లి. నవ్వుతూనే అంటుంది. నిన్న నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ కుర్చీలోనే నిద్రపోయింది, పాప ఒళ్ళో ఉండగా. పాప జారిపోతుంటే నేను పట్టుకున్నాను. లేచి ఎంత ఏడ్చిందో. నేనెప్పుడో ఒకరోజు దీన్ని పడేస్తానక్కా అని ఒకటే ఏడుపు.

అమ్మ పోయినప్పుడు దానికి తొమ్మిదేళ్ళు, నాకు ఇరవై మూడు. అప్పట్నుంచి దాని జ్వరాలూ దాని పరీక్షలూ అన్నీ నావే. ఇప్పుడు ఒక టిక్కుకి వెనకాడతానా?

మార్చి 4, బుధవారం

టిక్కు గురించి ఆలోచించడం శుద్ధ దండగ.

మార్చి 5, గురువారం

ఐదింపావుకల్లా చెల్లి కిటికీ బయట స్టాండు మీద మీటరు నిలబెట్టాను. గాలి తగలకుండా దాని మూతికి స్పాంజి టోపీ పెట్టాను. వీధి నిశ్శబ్దంగా ఉంది, ముప్ఫై ఎనిమిది డెసిబెల్లు. ఐదున్నరకి అవతల మైకులో ఎవరో పెద్దాయన గొంతు, దాని వెనక ఇరవై గొంతులు. అరవై ఏడు. ఆరింటి దాకా చట్టం లెక్కలో రాత్రే, నలభై ఐదు దాటకూడదు. ఉన్నమాట చెప్పుకోవాలి కదా, ఆ అంకె చూడగానే నాకు సంతోషం వేసింది. దొరికారు అనుకున్నాను. లోపల పాప గుక్కపెట్టింది, చెల్లి గది అంతా తిరుగుతూ జోకొట్టడం కిటికీలోంచి కనిపించింది.

ప్రార్థన అయ్యాక కొలిచిన సంగతి చెప్పడానికి అటు వెళ్ళాను. అది ఒకప్పుడు ఏదో కొట్టు. షట్టరు, సిమెంటు నేల, ప్లాస్టిక్ కుర్చీలు, మూలన ఇంత పెద్ద లౌడ్‌స్పీకరు బాకా. ఇరవై మూడు మంది, అందరూ అరవై దాటినవాళ్ళే. ప్రార్థన నడిపే పెద్దాయన సన్నగా, శుభ్రమైన చొక్కాలో ఉన్నాడు. మీ మోత ఎక్కువగా ఉంది, నోటీసొస్తుంది అన్నాను. చాలా సంతోషం తల్లీ, కూర్చో అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఈసారి అరిచి చెప్పాను. అందరూ నా మూతి వంకే చూస్తున్నారు, పాఠం చెబుతున్న టీచర్ని చూసినట్టు.

ఒక మామ్మ ఉంది, ఆ గదిలో అందరికన్నా పెద్ద గొంతు ఆవిడదే. నా మీటరు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇట్లాంటిదే మా మిల్లుకీ తెచ్చారు ఒకసారి, దానికి ఈ టోపీ లేదు అంది.

ఏ మిల్లు అని నేనడగలేదు. ఆఫీసుకి వేళయింది.

మార్చి 6, శుక్రవారం

ఈ ఊళ్ళో ఒకప్పుడు చాలా మిల్లులుండేవి.

మార్చి 9, సోమవారం

నోటీసు పంపాను. పంతొమ్మిదిన విచారణ. ఆ రోజు మోత తగ్గించే దారి చూపించకపోతే గది అనుమతి రద్దు చేస్తారు. సర్దుబాటు సార్ సంతకం పెడుతూ, జాగ్రత్తమ్మా, ఇది ప్రార్థన వ్యవహారం, పాము చావకూడదు కర్ర విరగకూడదు అన్నాడు. సర్దుబాటు సార్ అన్నది నేను మనసులో పెట్టుకున్న పేరు. నా మొదటి ఉద్యోగం నుంచీ నా పైన ఆయనే. ఏం అడిగినా ‘సర్దుకుపోవాలమ్మా’ అంటాడు. ఈ ఏడాది రిటైరవుతాడు.

సాయంత్రం చెల్లి దగ్గరికి వెళ్తే కోపంతో ఊగిపోతోంది. ఎదురింటాయన ఒక కాగితం పట్టుకొచ్చాడట, ఆ జనాన్ని అసలు ఈ వీధిలోంచే ఖాళీ చేయిద్దాం, సంతకం పెట్టమ్మా అని. వాళ్ళ మతం గురించి ఏదో వాగాడట. చెల్లి కాగితం చింపి వాడి చేతిలోనే పెట్టిందట. వాళ్ళ దేవుడితో నాకు పేచీ లేదక్కా, నా పిల్ల నిద్రపోతే చాలు అంది. దాని మీద గర్వం వేసింది. నా పెంపకమే కదా అనుకున్నాను. తర్వాత అలా అనుకున్నందుకు సిగ్గేసింది, ఎందుకో రాయను.

మార్చి 11, బుధవారం

పెద్దాయన ఆఫీసుకి వచ్చాడు.

చెవిటివాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కాబట్టి ఆయన చెప్పిందంతా ఆఫీసు మొత్తం విన్నది. నేను పోట్లాటకి వచ్చాడనుకున్నాను. కాదు. పసిబిడ్డకి మా వల్ల నిద్ర లేదంటే అది మా తప్పే అన్నాడు మొదటి మాటే. బాకా చిన్నది పెట్టి చూశారట, సగం మందికి వినపడలేదు. మైకు తీసేసి చూశారట, అప్పుడు ఒకళ్ళు పాటలో మొదటి చరణంలో ఉంటే ఇంకొకళ్ళు మూడోదాంట్లో ఉన్నారట. చెప్తూ ఆయనే నవ్వాడు. ఎందుకిలా అంటే, ఇరవై మూడు మందిలో ఇరవై మంది నేతమిల్లు వాళ్ళు. ఒకే షెడ్డు, నలభై మగ్గాలు, ముప్ఫై ఏళ్ళు. ఆ మగ్గాల మోతకి చెవులు పోయాయి. మిల్లు మూసేశారు, చెవులు మాత్రం తిరిగి రాలేదు.

వినపడే మిషన్లు ఇప్పించమని కార్మికశాఖకి అర్జీ పెట్టుకుంటే కొట్టేశారట. ఎందుకు కొట్టేశారో తెలుసా తల్లీ అని ప్లాస్టిక్ కవర్లోంచి ఒక జిరాక్సు తీశాడు. ఇరవై రెండేళ్ళ నాటి మా ఆఫీసు కాగితమే. షెడ్డులో మోత ఎనభై తొమ్మిది. తొంభై దాటితేనే చెవులకి ప్రమాదం అని రూలు. ఎనభై తొమ్మిది కాబట్టి మీ చెవుడికీ మిల్లుకీ సంబంధం లేదు అన్నారట.

అడుగున ఉన్న గిలికిన సంతకం మీద వేలు పెట్టాడు. “ఈ కొలిచినాయన ఇప్పుడెక్కడున్నాడో మీలో ఎవరికైనా తెలుసా తల్లీ? తప్పు పట్టడానికి కాదు. ఆ రోజు మగ్గాలెన్ని నడిచాయో ఆయనొక్క మాట చెబితే, మా అర్జీ మళ్ళీ తెరుస్తామన్నారు.”

“తెలీదు” అన్నాను.

వినపడలేదేమోనని తల అడ్డంగా ఊపి మరీ చెప్పాను.

మార్చి 12, గురువారం

రికార్డు రూముకి వెళ్ళాను. ఏ సంవత్సరం ఫైలు కావాలి మేడం అని అక్కడి అటెండరు మామూలుగానే అడిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఊరికే, వేరే పని మీద అని నసిగాను.

అసలు కాగితం దొరికింది. నా చేతిరాతే, అప్పట్లో అక్షరాలు గుండ్రంగా రాసేదాన్ని.

ఇక్కడైనా పూర్తిగా రాస్తాను. ఉద్యోగంలో చేరి ఐదు నెలలు. ఇంకా పర్మినెంటు కాలేదు. మిల్లు వాళ్ళు రమ్మన్నది పదింటికి. సార్ నన్ను పదకొండున్నర దాకా మేనేజరు గదిలో కూర్చోబెట్టి, తర్వాత షెడ్డులోకి తీసుకెళ్ళాడు. మగ్గాలన్నీ నడుస్తున్నాయి. మీటరు తొంభై ఏడు చూపించింది. అది నా కళ్ళతో నేను చూశాను. సార్ మీటరు మీద చెయ్యి పెట్టి, ఇప్పుడు కాదమ్మా, భోజనం గంటలో అయితే ప్రశాంతంగా కొలుచుకోవచ్చు అన్నాడు. మోతని ప్రశాంతంగా కొలవడమేమిటో. అప్పుడు నవ్వు కూడా రాలేదు నాకు. పన్నెండింటికి గంట కొట్టారు. నలభైలో ఆరు మగ్గాలే మిగిలాయి. ఎనభై తొమ్మిది.

సమయం గడిలో పన్నెండున్నర అని నిజమే రాశాను. దాని కింది గడిలో ‘సాధారణ పని స్థితి’ అని రాశాను. తొంభై ఏడు ఎక్కడా రాయలేదు. అడిగితే సర్దుకుపోవాలమ్మా, నీకు చిన్న చెల్లెలుంది కదా అన్నాడు.

చెల్లి కోసమే. అప్పుడూ చెల్లి కోసమే, ఇప్పుడూ చెల్లి కోసమే. దాని పేరు చెప్పుకుని నేను చేసిన పనుల్లో ఒక్కటైనా దాన్ని అడిగి చేశానా?

మార్చి 13, శుక్రవారం

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటావా అని చెల్లిని అడిగాను. ఎందుకు అంది. పాపం పెద్దవాళ్ళు, చెవులు వినపడవు అన్నాను. అది పాపని భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుని, నాకు జాలి లేదనుకుంటున్నావా అంది. నెమ్మదిగానే అంది. వాళ్ళకి వినపడకపోవడం వాళ్ళ తప్పు కాదు, నా పిల్ల నిద్రపోకపోవడం దాని తప్పు కాదు, మరి ఎవరి తప్పక్కా ఇది అంది.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. టీ చల్లారిపోయింది, అలాగే తాగేశాను.

మార్చి 15, ఆదివారం

దారి దొరికింది.

సమావేశాల భవనంలో అనువాదం వినడానికి హెడ్‌ఫోన్లు ఉంటాయి. కొత్తవి వచ్చాక పాతవి మా స్టోర్లో రెండు పెట్టెల్లో మూలపడి ఉన్నాయి. మైకులో మాట్లాడితే గాల్లోంచి నేరుగా చెవికి. బాకా అక్కర్లేదు. ఎవరి చెవికి ఎంత కావాలో అంత పెంచుకోవడానికి ఒక్కోదానికీ చిన్న మీట ఉంటుంది. పొద్దుట్నుంచీ స్టోర్లోనే కూర్చుని ఒక్కొక్కటే తుడిచి, బ్యాటరీలు మార్చి చూశాను. ముప్ఫైలో ఇరవై ఆరు పనిచేస్తున్నాయి. ఎంత తేలిగ్గా ఉందో ప్రాణం. ఆదివారం పూట ఆకలి కూడా తెలియలేదు.

ఇది చేస్తే చెల్లుకి చెల్లు అయిపోతుంది. అవ్వాలి.

మార్చి 17, మంగళవారం

సార్‌ని అడిగి రాతకోతలన్నీ చేయించి, పెట్టెలు ప్రార్థన గదికి పట్టుకెళ్ళాను. బాకా తీగ పీకేశాను. మధ్యలో ఒక మైకు, పెద్దాయన ముందు ఒకటి. అందరి తలలకీ నేనే తగిలించాను. పెద్దగొంతు మామ్మకి మీట చివరిదాకా తిప్పాల్సి వచ్చింది.

పాట మొదలుపెట్టారు. మొదటి చరణం ఎప్పట్లాగే అరుపులే. రెండో చరణానికి వచ్చేసరికి ఒక్కొక్కళ్ళే గొంతు తగ్గించారు. నేను చెప్పలేదు. తమ గొంతు తమకి వినపడగానే అరవాల్సిన పని లేకపోయింది. మామ్మ పాడటం ఆపేసి పక్కనున్నావిడ వైపు తిరిగి, నువ్వు ఇంత బాగా పాడతావా అంది. ఆవిడ పక్కన కూర్చోబట్టి పదకొండేళ్ళట.

గోడ అవతలికి వెళ్ళి కొలిచాను. నలభై ఒకటి. చెల్లీ పాపా మంచానికి అడ్డంగా పడి నిద్రపోతున్నారు. ఫ్యాను స్విచ్చు వేసి, తలుపు చప్పుడు కాకుండా వచ్చేశాను.

ప్రార్థన చివర వాళ్ళకి మేలు చేసినవాళ్ళ పేర్లు చదువుతారట. ఈరోజు నాది కూడా చదివారు. మోత మేడం అని చదివారు, అసలు పేరు ఎవరికీ తెలియదుగా. మామ్మ లేచి వచ్చి నా బుగ్గలు రెండూ పట్టుకుంది. నేను నేల వంక చూస్తూ నిలబడ్డాను. ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

మార్చి 19, గురువారం

విచారణ పది నిమిషాల్లో అయిపోయింది. కమిటీలో ఒకాయన, ఇంత తిప్పలెందుకు, దేవుడు అన్ని చోట్లా ఉంటాడు కదా, ఎవరింట్లో వాళ్ళు ప్రార్థన చేసుకోవచ్చు కదా అన్నాడు. పెద్దాయన చెవిన హెడ్‌ఫోన్ పెట్టుకునే వచ్చాడు. మైకు కమిటీ బల్ల మీద పెట్టాను. “ఇంట్లో దేవుడుంటాడండీ. పక్కన మనిషుండడు” అన్నాడు. చెల్లి లేచి, ఇప్పుడు నాకే ఇబ్బందీ లేదు, వాళ్ళని ఉండనివ్వండి అని చెప్పింది. గది అనుమతి ఉంటుంది. హెడ్‌ఫోన్లు మాత్రం ఆరునెలలకే, ఆ తర్వాత తిరిగి ఇచ్చెయ్యాలి. చూద్దాం.

సార్ నా భుజం తట్టి, శభాష్, సర్దుబాటు అంటే ఇదీ అన్నాడు. ఆ చెయ్యి తీసెయ్యండి అనాలనిపించింది, అనలేదు.

ఇంటికొస్తుంటే పెద్దాయన గేటు దగ్గర ఆగి, ఆ సంతకం ఆయన జాడ తెలిస్తే చెప్పు తల్లీ అన్నాడు. అలాగే అన్నాను.

మార్చి 20, శుక్రవారం

చెప్పేశాను.

సాయంత్రం ప్రార్థన అయ్యాక, హెడ్‌ఫోన్లన్నీ పెట్టెలో సర్దాక, పెద్దాయన షట్టరు దించుతుండగా పక్కన నిలబడి చెప్పాను. ఆ సంతకం నాదే, ఆరు మగ్గాలే నడిచాయి, ముందు తొంభై ఏడు చూశాను, అంతా చెప్పాను. మామూలు గొంతుతో చెప్పాను. మరీ నెమ్మదిగా ఏం కాదు. ఆయన తలూపుతూ విన్నాడు. అయ్యాక, సరే తల్లీ, చీకటి పడకముందే వెళ్ళు, జాగ్రత్త అన్నాడు.

చెప్పడం నా వంతు. చెప్పాను.

మార్చి 21, శనివారం

చెప్పేశాను కదా. వినపడకపోతే నేనేం చేస్తాను?

పై వాక్యం కొట్టెయ్యాలి. కొట్టెయ్యను, అలాగే ఉండనీ. నేను ఎలాంటిదాన్నో ఎక్కడో ఒకచోట ఉండాలి.

మార్చి 22, ఆదివారం

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని ఎన్నిసార్లు అని ఉంటానో ఆఫీసులో, ఎంత నవ్వుకుని ఉంటామో. నేను ఊదిన శంఖం ఆయనకి వినపడకూడదనే ఊదాను. హెడ్‌ఫోన్లు పెట్టెలో పడేదాకా ఆగాను. కావాలని ఆగాను. ఇంత రాయడానికి రెండు రోజులు పట్టింది.

మార్చి 24, మంగళవారం

పాట అయ్యాక మేలు చేసినవాళ్ళ పేర్లు మొదలుపెట్టబోతుంటే లేచాను. ఒక మాట చెప్పాలి అన్నాను. పెద్దాయన తన ముందున్న మైకు నా వైపు జరిపాడు. ఏ చెవికి ఎంత పెట్టాలో నేనే పెట్టాను కాబట్టి, ప్రతి మాటా ప్రతి చెవికీ అందుతుందని నాకు తెలుసు. కుర్చీ వీపు పట్టుకున్నాను.

“మీ మిల్లులో మోత కొలిచింది నేనే. ఆ సంతకం నాది. షెడ్డు నడుస్తున్నప్పుడు తొంభై ఏడు ఉంది, నేను చూశాను. అది రాయలేదు. భోజనం గంటలో ఆరు మగ్గాలు నడుస్తుంటే కొలిచి, అదే మామూలు మోత అని రాశాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. మొన్న మీరు అడిగితే తెలీదని అబద్ధం చెప్పాను.”

నేను ఏడవకూడదు అనుకున్నాను, ఏడిస్తే వాళ్ళు ఓదారుస్తారు, అది మరీ అన్యాయం. ఏడవలేదు.

మామ్మ లేచింది. తల మీంచి హెడ్‌ఫోన్ తీసి చేత్తో పట్టుకుంది. నేనిక మాట్లాడినా తనకి వినపడదు, తను చెప్పేది మాత్రం నేను వినాలి. అందుకే తీసిందనుకుంటాను.

“ఆ ఆరు మగ్గాల్లో ఒకటి నాది. చెమటలు పట్టి నిలబడ్డావని నీకు మంచినీళ్ళు తెచ్చిచ్చాను. బక్కపిల్లవి. నా మనవరాలికి ఇప్పుడు ఏడేళ్ళు, దాని గొంతెలా ఉంటుందో నాకు తెలీదు.”

అంతే అంది. హెడ్‌ఫోన్ కుర్చీలో పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే ఇంకో నలుగురు వెళ్ళారు. మిగిలినవాళ్ళు తలలు దించుకుని కూర్చున్నారు. పెద్దాయన చాలాసేపు కళ్ళు మూసుకుని ఉన్నాడు. ప్రార్థిస్తున్నాడో, కోపం దిగమింగుకుంటున్నాడో నాకు తెలియలేదు. కళ్ళు తెరిచి, మైకు తన వైపు లాక్కోకుండానే అడిగాడు.

“ఇక్కడ చెప్పిన మాట ఈ షట్టరు దాటదు తల్లీ. కాగితం మీద పెట్టి ఇస్తావా?”

ఇస్తాను అన్నాను. ఆయన చేత్తో సైగ చేసి మైకులో చెప్పమన్నాడు. మైకులో చెప్పాను.

మార్చి 25, బుధవారం

సార్‌కి చెప్పకుండా చెయ్యడం బావుండదని వెళ్ళి చెప్పాను. ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు. ముందు నవ్వాడు, తర్వాత నీకు ఒంట్లో బావుందా అన్నాడు, తర్వాత నాకు ఇంకా నాలుగు నెలలే ఉంది, ఆగు అన్నాడు. నాలుగు నెలలాగితే నువ్వేం రాసినా నాకు అభ్యంతరం లేదన్నాడు. పోనీ ఎనభై తొమ్మిది పక్కన ఆరు మగ్గాలు అని చిన్న సవరణగా వేద్దాం, తొంభై ఏడు సంగతి ఎందుకు, అది ఎక్కడా కాగితం మీద లేదు కదా అన్నాడు. ఆయన మాట నాకు సబబుగానే తోచింది. ఒక్క నిమిషం నిజంగా తోచింది. నన్ను చూసి నాకు అసహ్యం వేసింది.

ఆయన గదిలోంచి సరాసరి చెల్లి ఇంటికి వెళ్ళి దానికీ చెప్పాను. టిక్కు సంగతి, మిల్లు సంగతి, ఆ రోజు ఎవరి పేరు చెప్పి నా నోరు మూయించారో ఆ సంగతి. కోప్పడుతుందనుకున్నాను. పాప బట్టలు మడతపెడుతూ, నా పేరు మీద ఇంత చేశావా అక్కా అంది. ఆ మాట ఎలా తీసుకోవాలో నాకింకా తెలియడం లేదు. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది. ఉద్యోగం పోతే మాతో ఉండు అంది.

మార్చి 26, గురువారం

పొద్దున్న ఐదింటికి లేచి రాశాను. రెండు పేజీలు వచ్చింది. మొదట ‘పరిస్థితుల ఒత్తిడి వల్ల’ అని ఒక ముక్క వచ్చింది, తీసేశాను. ‘పై అధికారి సూచన మేరకు’ అన్నది ఉంచాను, అది నిజం కాబట్టి. దాని పక్కనే ‘అది తప్పని తెలిసి’ అని చేర్చాను, అదీ నిజమే కాబట్టి. ఇరవై రెండేళ్ళ క్రితం తేదీ, టైము, తొంభై ఏడు, ఎనభై తొమ్మిది, నలభై మగ్గాలు, ఆరు మగ్గాలు. ఈ నెల మొదట్లో పెట్టిన టిక్కు కూడా. సంతకం ఈసారి గిలకలేదు, పూర్తి పేరు విడమర్చి రాశాను.

ఒక ప్రతి పెద్దాయనకి ఇచ్చాను. రెండుసార్లు చదివి, మడిచి, ప్లాస్టిక్ కవర్లో జిరాక్సు పక్కన పెట్టుకున్నాడు. మంచిదనీ అనలేదు, క్షమించాననీ అనలేదు. గదిలో మామ్మ కుర్చీ ఖాళీగా ఉంది. రేపు కార్మికశాఖకి వెళ్తున్నాం అన్నాడు, ఎన్నింటికో చెప్పాడు, నువ్వూ రావాలి అన్నాడు.

రెండో ప్రతి మా ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వార్డులో ఇచ్చాను. అక్కడి గుమస్తా నాకు పదేళ్ళ పరిచయం. కాగితం చదవడు, ముద్ర వేసి రిజిస్టరులో ఎక్కిస్తాడు, అంతే. కళ్ళజోడు పైకి తోసుకుని, ఎవరి మీద ఫిర్యాదు మేడం అని అడిగాడు.

“నా మీదే” అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి కాగితం తిప్పి మొదట్నుంచీ చదివాడు. తర్వాత పెన్ను తీసి ఫిర్యాదీ గడిలో నా పేరు రాశాడు. దాని పక్కన ‘ఎవరి మీద’ అన్న గడిలో మళ్ళీ అదే పేరు రాయడానికి కాసేపు చెయ్యాడలేదు ఆయనకి. రాసేదాకా అక్కడే నిలబడ్డాను.